గుట్టల చూరులలో నిలిచిన చరిత్ర – ఓరుగల్లు ప్రాంతపు గుహలు



ఈ జీర్ణోద్ధారణ, పునఃప్రతిష్ఠా మహోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలెనని కమిటీ పెద్దలు కోరినారు. స్థలపురాణమును, ఆలయ వాస్తు విశేషములను ఇతరులు ఈ సంచికలోనే సవిస్తరముగా వ్రాసినారు. కావున పనులు సాగినంత కాలము నా మనస్సును వీడక పట్టుకొనియున్న వేరొక విషయమును భక్తమహాశయులకు, దాతలకు విన్నవింపదలచినాను. అది మన ఆలయము వెనుక గుట్టపైనున్న బండచూరును గూర్చినది. దాని మిషతో మన ఓరుగల్లు చుట్టునున్న గుహలను గూర్చి కూడ కొంత చెప్పవలసియున్నది.

గుట్టపైకి మెట్లు కట్టించుటకు ఒక దాత ముందుకు వచ్చినారు. స్థపతిగారు గీసిన పటములో మెట్లు ధ్వజస్తంభము వెనుక నుండి తిన్నగా పైకి పోవును. ఆ దారికి ఒక పెద్ద బండ అడ్డమున్నది. దానికి రంధ్రములు వేసి పగులగొట్టవలెనని నిర్ణయమైనది, మందు పెట్టువారు కూడ వచ్చినారు. ఆ దినమున గుట్టపై గొర్రెలు కాచు వృద్ధుడొకడు నా వద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ సూరు కింద జాజుతోని గీసిన బొమ్మలున్నయి. మా తాత సుత సూసిండట. పలగ్గొట్టకుండ్రి" అన్నాడు. నలుబది సంవత్సరములుగా ఈ ఆలయములో అర్చన చేయుచున్నాను. నిత్యము ఆ బండను చూచుచునే యున్నాను. ఒక్కనాడైనను వంగి దాని క్రిందికి చూడలేదు.

పని ఆపుమని చెప్పుటకు నాకు కారణము మరియొకటి కలదు. అది నా తప్పు. నా ముప్పదియవ యేట, వేరొక గ్రామములోని శివాలయములో ఉత్సవమునకు ముందు గోడలకు సున్నము వేయించుచు, మండపములో నిలిపియున్న ఒక రాతికి కూడ నా చేతులతోనే నాలుగు పూతలు పూసినాను. దానిపై అక్షరములున్నవని ఎరుగుదును. చదువరాని గీతలు దేవుని యెదుట మాసియుండుట కంటె తెల్లగానుండుట మేలని తోచినది. కొన్నేండ్లకు శాసనములు చదువు పండితుడొకరు అచటికి వచ్చి ఆ సున్నమును ఊడదీయింపగా, రాతి పైపొర కూడ పెచ్చులుగా ఊడినది. క్రింది పంక్తులలో దానమిచ్చినవాని పేరుండవలసిన చోట నున్నని మచ్చ మిగిలినది. ఎవరో పుణ్యాత్ముడు ఆ దేవునికి నిత్యదీపమునకై ఏర్పాటు చేసియుండును. ఆతని పేరును తుడిచినది నేనే. దాతల పేర్లు పాలరాతిపై చెక్కించుచున్న ఈ సమయములో ఈ సంగతి చెప్పకుండ ఉండలేకపోయినాను.

మన శాస్త్రములు ఈ విషయమున మిక్కిలి జాగ్రత్తను చెప్పినవి. మయమతము మొదలగు శిల్పగ్రంథములలో జీర్ణోద్ధారణమునకు వేరుగా ప్రకరణము కలదు. ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు అను పరీక్ష ముందు, ఉలి తరువాత. స్వయంభూ లింగము జీర్ణమైనను కదల్పరాదని నియమము. మనము కూడ కళాకర్షణము చేసి, స్వామిని బాలాలయములో నిలిపి, ఆ తరువాతనే గర్భాలయమును ముట్టుకొన్నాము. అయితే రాతిపైనున్న అక్షరమునకు, చూరు క్రిందనున్న చిత్రమునకు బాలాలయము లేదు. ఒకమారు పోయిన పోయినట్లే.

గుట్టలోని చరిత్ర ఎట్లుండునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. హనుమకొండలోని పద్మాక్షిగుట్టకు పోయిన చాలును. బతుకమ్మ పండుగనాడు ఆ గుట్ట క్రింది గుండములో బతుకమ్మలను వదలని హనుమకొండ ఆడపడుచు ఉండదు. పైన అమ్మవారు కొలువైయున్న చోటు కొండరాతిని ఆశ్రయించుకొని యున్నది. అచట ఒక నల్లరాతి స్తంభము కలదు. దాని నాలుగు ముఖములందును జైన తీర్థంకరుల మూర్తులున్నవి, క్రింద శాసనమున్నది. చాళుక్య విక్రమ శకము 42, అనగా క్రీ.శ. 1117 నాటిది. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన పెర్గడ భార్య మైలమ ఆ కొండపై కడలాలయ బసదిని కట్టించినదని అందున్నది. ఉగ్రవాడి మేళరసు ఆ బసదికి భూమినిచ్చిన సంగతియు అందే యున్నది. ప్రోలరాజు కుమారుడు రుద్రదేవుడు వేయిస్తంభముల గుడిని కట్టించినది 1163లో. అనగా వేయిస్తంభముల గుడికి నలుబదియారు సంవత్సరములు ముందే, ఒక మంత్రిపత్ని చేసిన దానము ఆ కొండపై రాతిలో నిలిచినది. రాజుల పేర్లు మనకు పాఠ్యపుస్తకములలో దొరకును. మైలమ పేరు ఆ ఒక్క స్తంభము వలననే మనకు దొరకినది.

శిలపై మలచిన మూర్తులను పార్శ్వనాథుడు, ధరణేంద్రుడు, పద్మావతి అని పండితులు గుర్తించినారు. నేడు అచట మనము పద్మాక్షి అమ్మవారిని కొలుచుచున్నాము. దీనిని విని కొందరు భక్తులు కలత చెందుదురు. నాకు కలత లేదు. ఆ మూర్తులు తొమ్మిది వందల యేండ్లు చెక్కుచెదరకుండుటకు అచట ఆగని దీపమే కారణము. పూజ ఆగిన గుట్టల గతి ఏమైనదో మనమెరుగుదుము. మూర్తుల ముక్కులు విరిగినవి, పీఠముల క్రింద నిధులకై గుంతలు పడినవి. కాని పూజించు చేతులే రంగులు పూయును, నూనె పోయును, కర్పూరపు మసిని పట్టించును. రక్షణయు మనదే, హానియు మనదే. అర్చకుడనై యుండి ఈ మాట అనుటకు నాకు సంకోచము లేదు.

పద్మాక్షిగుట్టకు సమీపముననే అగ్గలయ్యగుట్ట కలదు. అందును బండపై మలచిన నిలువెత్తు తీర్థంకర మూర్తులున్నవి. అగ్గలయ్య యనువాడు పదునొకండవ శతాబ్దిలో చాళుక్య జగదేకమల్లుని కాలమున ప్రసిద్ధుడైన జైన వైద్యుడు. సైదాపురములోని 1034 నాటి శాసనమున ఆతని పేరున్నది. గుట్ట పేరు ఆతనితో ముడిపడినదని పెద్దల మాట. సిద్ధులగుట్ట, గోవిందరాజులగుట్ట, మెట్టుగుట్ట, హనుమద్గిరి – ఈ పేర్లన్నియు మన నోట నిత్యము నలుగునవే. ఇళ్లు గుట్టల మీదికి ఎగబ్రాకుచున్న ఈ దినములలో ఏ బండ క్రింద ఏమున్నదో ఒక్కమారు చూచి వ్రాసిపెట్టుకొనుట అవసరము.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలమున కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట సంగతి ఇంకను ఆశ్చర్యకరము. పదవ శతాబ్ది మధ్యలో, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు అచట బండపై జినమూర్తులను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వ్రాయించినాడు. తెలుగు భాగములో మూడు కందపద్యములున్నవి. నన్నయభట్టారకుని మహాభారతమునకు దాదాపు నూరేండ్లకు పూర్వపు కందములవి. వేయి సంవత్సరములు ఎండకు, వానకు నిలిచిన ఆ పద్యములు పండితుల దృష్టికి వచ్చినది ఇరువదియవ శతాబ్దిలోనే. అంతవరకు ఊరివారికి అది బొమ్మలున్న గుట్ట. మనము గమనింపవలసినది ఇదియే. ఊరివారు పెట్టిన పేరు అబద్ధము కాదు. బొమ్మలగుట్ట, రాతలబండ, పాండవులగుట్ట, సీతమ్మ గుహ వంటి పేరు వినబడిన చోట ఎప్పుడో ఎవరో ఏదో చూచినారన్నమాట. అట్టి గుట్టల చుట్టును గ్రానైట్ తవ్వకములు సాగుట వలన సాహిత్యాభిమానులు ఆందోళన పడవలసి వచ్చినది. శబ్దమునకు, కంపమునకు రాతి పొరలు వదులగును. పద్యమున్న బండకు, వంటగది పలకకు పనికివచ్చు బండకు యంత్రము తేడా ఎరుగదు.

ఇక పాండవులగుట్టలు. పూర్వపు వరంగల్ జిల్లా రేగొండ మండలమున ఉన్న ఈ గుట్టలు 2016లో జిల్లాల పునర్విభజన తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినవి. మన హనుమకొండ గుట్టలు నల్లసేనపు గట్టిరాయి. అవి ఇసుకరాయి. వాన, గాలి ఆ రాతిని పొరలు పొరలుగా తొలిచి గోడలు, స్తంభములు, చూరులు చేసినవి. ముందుకు వంగిన ఆ చూరుల క్రింద వాన తగులదు. అందువలననే చిత్రములు నిలిచినవి. 1990లో ఇవి పరిశోధకుల దృష్టికి వచ్చినవి. అడవిదున్న, జింక, పులి, చిరుతపులి, స్వస్తికము, వలయములు, చతురస్రములు, విల్లమ్ములు, కత్తులు, బల్లెములు పట్టినవారు ఆ బండలపై కనబడుదురు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ వర్ణములు వాడినారు. అన్నియు ఒకే కాలమున గీసినవి కావు. వేటగాని కాలపు బొమ్మ ప్రక్కననే తరువాతి కాలపు ఖడ్గధారి బొమ్మ ఉండవచ్చును. ఒకదానిపై ఒకటి పడిన గీతలను బట్టి ఏది ముందు, ఏది వెనుక అని పండితులు నిర్ణయింతురు.

ఎరుపు అనగా మన స్త్రీలు గడపకు, అరుగుకు పూయు జాజు వంటిదే. ఇనుము కలిసిన ఎర్రమన్నును నూరి, ఏదో జిగురుతో కలిపి, వ్రేలితోనో కుంచెతోనో పూసినారు. ఆలయపు గోడకు ఎరుపు, తెలుపు పట్టెలు వేయు మన ఆచారమునకు, ఆ చూరుల క్రింది చేతులకు ఏదైనను సంబంధమున్నదా అని నేనొక్కొక్కప్పుడు ఆలోచింతును. నిరూపింపగలిగిన మాట కాదు గాని, ఆ ఎరుపును చూచినప్పుడు అది పరాయిది అనిపింపదు.

పాండవులు వనవాసమున అచట ఉండినారని ప్రజల విశ్వాసము. నేను దానిని కాదనను, పండితులను కాదనను. పాండవుల పేరు ఉండుట వలననే ఎందరో ఆ గుహలను గౌరవించినారు. పేరు లేని గుహలలో వంటలు చేసినారు. తేనె తీయుటకు పొగ పెట్టినారు. బొగ్గుతోను, ఆయిల్ పెయింటుతోను తమ పేర్లు, తమ ప్రియుల పేర్లు వ్రాసినారు. అడవిదున్న ఒంటిపై ఎవరిదో పేరు కనబడిన యెడల, దానిని చెరుపబోయినను క్రింది బొమ్మ చెరిగిపోవును. చెరుపకున్నను బొమ్మ కనబడదు. నేను చేసిన సున్నపు పని వంటిదే అది.

గుప్తనిధుల పిచ్చి వేరొకటి. గుహ కనబడిన చోటనెల్ల నిధి ఉన్నదని త్రవ్వుదురు. గుహ నేలలోని మట్టి పొరలే అసలైన నిధియని వారికి తెలియదు. ఏ పొరలో ఏ రాతి పనిముట్టు, ఏ బూడిద, ఏ ఎముక దొరకినది అనుదానిపైననే కాలనిర్ణయము ఆధారపడును. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు శ్రద్ధగా త్రవ్వి, ప్రాచీన జంతువుల ఎముకలను పొరల వారీగా గుర్తించినారు. నూట నలుబది యేండ్లు గడచినను పండితులు ఆ వివరములను నేటికిని వాడుకొనుచున్నారు. నిధి కొరకు ఒక రాత్రి పారతో తిరుగవేసిన మట్టి ఎవరికిని ఏమియు చెప్పలేదు.

గుహలను పరిశీలించుట అనగా ఏమో కొందరు అడిగినారు. మన బండచూరును చూడవచ్చినవారి వెంట నేను రెండు దినములు తిరిగినాను గనుక కొంత చెప్పగలను. ముందుగా వారు గొర్రెలకాపరిని అడిగినారు, పుస్తకమును కాదు. ఆతడు చూపిన చోటికి పోయి జి.పి.ఎస్.తో స్థానమును గుర్తించినారు. చూరు ఏ దిక్కునకు తెరచియున్నది, నీరు ఎటు నుండి జారుచున్నది, తేనెతుట్టెలు, పిచ్చుకగూళ్లు ఎచట ఉన్నవి అన్నియు వ్రాసికొన్నారు. చిన్న కొలబద్దను ప్రక్కన నిలిపి ప్రతి గుర్తుకు ఫొటో తీసినారు. నేను ఉత్సాహముతో చెంబులో నీరు తెచ్చి, తడిపిన బొమ్మలు స్పష్టముగా కనబడునని చెప్పితిని. వారు నా చేతిని మెల్లగా ప్రక్కకు జరిపినారు. తడిపిన క్షణము వర్ణము మెరయును, ఎండిన తరువాత ఉప్పు పొర తెల్లగా కట్టి బొమ్మను మూసివేయును. ఇప్పుడు మాసిన వర్ణమును కంప్యూటరులో విడదీసి చూపు పద్ధతి ఉన్నదట. కంటికి మరకవలెనున్న చోట మూపురమున్న ఎద్దు ఆకారము తెరపై కనబడగా, వృద్ధ కాపరి నవ్వి, "నేను సెప్పలే!" అన్నాడు. నేల మట్టిని వారు ముట్టుకొనలేదు. త్రవ్వుటకు వేరుగా అనుమతి కావలెను.

ప్రపంచమందెల్లడలను ఇదే కథ. భోపాలు దగ్గరి భీంబేట్కా గుహలను 1957లో వాకణ్కర్ గుర్తించినారు. 2003లో అవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి. అచటను పేరులో భీముడున్నాడు. ఫ్రాన్సు దేశమున లాస్కో గుహ 1940లో బయటపడినది. చూడవచ్చిన జనుల ఊపిరి తేమకే గోడలపై పాచి పట్టుటచే 1963లో ప్రజలకు దానిని మూసివేసినారు, తరువాత ప్రక్కన దానికి నకలు గుహను నిర్మించి చూపుచున్నారు. పదునేడు వేల యేండ్ల నాటివని చెప్పబడు చిత్రములకు కొద్ది యేండ్ల సందర్శనము హాని చేసినది. పేరు వచ్చుట రక్షణ కాదని దీనివలన తెలియుచున్నది. మన బెలుం గుహలను 1982-83లో జర్మను దేశస్థుడు డేనియల్ గెబవర్ బృందము కొలిచి పటము గీసినది. ఆ తరువాతనే ప్రభుత్వము వాటిని అభివృద్ధి చేసినది. ముందు కొలత, తరువాత మెట్లు, దీపములు. మన మెట్ల విషయములో మేము తలక్రిందులు చేయబోయినాము.

చట్టములు లేకపోలేదు. 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము రక్షితమైన కట్టడములకు, 2010 సవరణ పిమ్మట, చుట్టును నూరు మీటర్ల వరకు కొత్త కట్టడము నిషిద్ధము, ఆపైన రెండువందల మీటర్ల వరకు అనుమతి కావలెను. తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టమున్నది. నేలలో దొరకిన నిధిని కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచునే యున్నది. అయితే చట్టము జాబితాలో ఉన్నదానిని కాపాడును. జాబితాలో చేరవలెనన్న ఎవరైన చూచి, కొలిచి, వ్రాసి పంపవలెను. చూడని గుహకు చట్టము లేదు. నైజాము కాలమున 1914లో పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యజ్దానీగారి వంటి దొడ్డవారు రాజ్యమెల్ల తిరిగి ఎంతో పని చేసినారు. ఐనను ప్రతి గుట్టను, ప్రతి చూరును కొద్దిమంది ఉద్యోగులు ఎక్కి చూచుట సాధ్యము కాదు. గుట్ట ప్రక్కన నివసించువారికే అది సాధ్యము. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము సంగతి మీరెరుగుదురు. 2006లో విప్పి, రాళ్లకు సంఖ్యలు వేసి ఉంచినది 2024 శివరాత్రినాడు గాని మరల తెరువబడలేదు. రాయి దొరికి, లెక్క ఉన్న మండపమునకే పదునెనిమిదేండ్లు పట్టినది.

భక్తులకు నాదొక మనవి. మీ గ్రామములలో ఆలయమునకు రంగులు వేయించునప్పుడు, పాత రాతికి ఆయిల్ పెయింటు, సిమెంటు తగులనీయకుడు. ఇసుకను గాలితో చిమ్మి రాతిని కడుగు యంత్రమును ఎవరైన తెచ్చిన యెడల వెనుకకు పంపుడు. అది మాసిన నలుపుతో బాటు అక్షరపు అంచును కూడ తినివేయును. మీ పొలము గట్టున, గుట్ట చూరు క్రింద గీతలున్న యెడల ముట్టకుండ ఫొటో తీసి జిల్లా పురావస్తు అధికారులకు చూపుడు. నిధి యని ఎవరైన వచ్చిన యెడల పోలీసులకు తెలుపుడు. దానమిచ్చు స్తోమత లేదని బాధపడువారికి ఇది కూడ ఆలయ సేవయే.

ఇక మా మెట్ల సంగతి. దాతగారిని కలిసి, బండను పగులగొట్టరాదని చెప్పుటకు నాకు నాలుగు దినములు ధైర్యము చాలలేదు. తల్లిగారి పేరున ఆ మెట్లను కట్టించుచున్నారు. అవి వంకర తిరుగుట వారికి ఇష్టము కాలేదు. వాస్తు దోషమేమైన ఉండునా అని కూడ అడిగినారు. గుట్టపైకి పోవు నడకదారికి గర్భాలయ సూత్రము వర్తింపదని చెప్పినాను. చివరకు ఆయనను ఒక ఉదయము చూరు వద్దకు తీసికొనిపోయినాను. తూర్పు వెలుగు పక్కనుండి పడినప్పుడే ఆ ఎరుపు కనబడును. ఆయన మోకాళ్లపై కూర్చుండి చాలసేపు చూచినారు. తరువాత స్థపతిగారికి ఫోను చేసి, దారిని ఎడమకు మళ్లింపుమనినారు. ముప్పదియొక్క మెట్లు అదనముగా పడినవి. వాటి వ్యయమును ఆయనయే భరించినారు.

పునఃప్రతిష్ఠకు యాగశాలను మొదట గుట్ట పాదమున నైఋతి మూలలోని ఖాళీస్థలములో వేయదలచినాము. అచట గాలి చూరు వైపు వీచును. అందుచేత హోమధూమము దానికి తగులకుండునట్లు యాగశాలను ఆలయమునకు తూర్పున ఉన్న మామిడితోటలో వేయించినాము. తోట యజమాని అద్దె అడుగలేదు. కొద్దిదూరము నడువవలసివచ్చును గనుక వృద్ధులు, పసిపిల్లల తల్లులు పూర్ణాహుతి వేళకు కొంత ముందుగా బయలుదేరవలెనని ప్రార్థన. దారి చూపుటకు ఆ గొర్రెలకాపరి మనుమడు ధ్వజస్తంభము వద్ద నిలిచియుండును.